కుడి ముంజేతి మీది రెండు అక్షరాలు: పచ్చబొట్టు తీయించుకున్న నా అనుభవం

2024 మార్చి మొదటి వారంలో ఒక ఉదయం నర్సంపేట మైదానంలో పరుగు ముగించి నీళ్ళు తాగుతుండగా, మా కంటే ఒక ఏడాది ముందు నుంచి సాధన చేస్తున్న అక్క నా కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. “ఇది తీయించుకోకుంటే నువ్వు ఎంత ఉరికినా లాభం లేదు చెల్లె” అన్నది. అంతకు ముందు జరిగిన కేంద్ర బలగాల కానిస్టేబుల్ నియామకంలో ఆమె రాతపరీక్ష, దేహదార్ఢ్య పరీక్ష రెండూ దాటి, చివరి వైద్య పరీక్షలో కుడి చేతి మీద పచ్చబొట్టు ఉన్నందుకు ‘అన్‌ఫిట్’ అయింది. రివ్యూకు, అంటే మరోసారి వైద్య పరీక్ష చేయమని, దరఖాస్తు పెట్టుకున్నా, ఆ కొద్ది రోజుల్లో పచ్చబొట్టు పోయే మార్గం లేక ఇంటికి తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రమే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ప్రకటనలో వైద్య ప్రమాణాల భాగం తీసి చదివాను. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ (జనరల్ డ్యూటీ) ఉద్యోగానికి దేవుడి గుర్తులు, పేర్లు పచ్చబొట్టుగా ఉండవచ్చు. అయితే అవి ఎడమ ముంజేతి లోపలి వైపున గాని, అరచేతుల వెనుక వైపున గాని మాత్రమే ఉండాలి; ఎడమ ముంజేయే ఎందుకంటే అది సెల్యూట్ చేయని చెయ్యి. పచ్చబొట్టు పరిమాణం ఆ భాగంలో నాలుగో వంతుకు తక్కువగా ఉండాలి. నాది కుడి ముంజేతి లోపలి వైపున, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన ఉంది. ‘అమ్మ’ అన్న రెండు అక్షరాలు నల్లగా, వాటి పైన ఐదు రేకుల ఎర్రపువ్వు, పువ్వు పక్కన చిన్న ఆకుపచ్చ ఆకు. 2020 ఫిబ్రవరిలో, నాకు పదిహేడేళ్ళప్పుడు, మేడారం జాతరలో గద్దెల దర్శనం చేసుకుని బెల్లం సమర్పించి తిరిగి వస్తూ దారి పక్కన మిషన్ పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర పొడిపించుకున్నాను. నూట యాభై రూపాయలు, అరగంట సమయం పట్టింది. ఏ చెయ్యి అని అతను అడిగితే, అమ్మ పేరు కదా, కుడి చెయ్యే మంచిదని నేనే చాపాను.

అది నాకు అక్కర్లేని పచ్చబొట్టు ఏనాడూ కాదు. ఈ సంగతి మొదటే చెప్పాలి. విడిపోయిన మనిషి పేరు తీయించుకునేవారి బాధ వేరు. నాకు ఇష్టమైన పేరునే డబ్బు పెట్టి కాల్పించుకోవలసి రావడం వేరు.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ ఎక్కువేమీ మాట్లాడలేదు, ఎంత అవుతుందని మాత్రం అడిగింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆమె రెండు ముంజేతుల మీదా చిన్నప్పుడు పొడిపించుకున్న చుక్కలూ ఒక తేలూ ఇప్పటికీ నీలిపచ్చగా కనిపిస్తాయి. “పోంగ మన ఎంట వొచ్చేది గిదొక్కటే బిడ్డా, దీన్ని గూడ తీసేస్తరా?” అన్నది. ఆమె తరం వారికి అది నమ్మకం. నగలు ఒలిచి పెట్టుకోవచ్చు గాని పచ్చబొట్టును ఎవరూ ఒలుచుకోలేరని చెప్పేది.

మొదటి నెల రోజులు నేను చేసినవన్నీ పొరపాట్లే. ఊళ్ళో పులిపిర్లకు పెట్టినట్టు సున్నం, బట్టల సోడా కలిపి పెడితే పోతుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. మా మేనత్త కూతురు పదేళ్ళ కిందట ఆ పని చేసింది. ఆమె చేతి మీద పేరు పోయిన చోట వేలు మందాన మెరిసే కండ లేచి ఉంది, దాని అడుగున అక్షరాల నీడ ఇంకా కనిపిస్తూనే ఉంది. అది చూసి ఆగిపోయాను. తరువాత ఫోనులో ప్రకటన చూసి ఆరు వందలు పెట్టి ఒక క్రీము తెప్పించబోతుంటే మా తమ్ముడు అడ్డుపడి డబ్బు మిగిల్చాడు. రంగు ఉన్నది పైతోలులో కాదు, దాని కింది పొరలో. పైన పూసిన క్రీము తోలును కాల్చకుండా అక్కడి దాకా వెళ్ళి రంగును తీయలేదని నాకు తరువాత తెలిసింది.

మూడో పొరపాటు నుంచి మాత్రం తప్పించుకోలేకపోయాను. 2024 ఏప్రిల్ 12న దగ్గరి పట్టణంలో ఒక బ్యూటీ క్లినిక్‌కు వెళ్ళి పన్నెండు వందలు కట్టాను. డాక్టరు ఎవరూ లేరు. మత్తు క్రీము పూసి పది నిమిషాలకే లేజరు కాంతితో కాల్చడం మొదలుపెట్టారు. కళ్ళకు అద్దాలు వారు పెట్టుకున్నారు గాని నాకు ఇవ్వలేదు, చున్నీతో మూసుకోమన్నారు. అక్షరాలూ పువ్వూ ఆకూ అన్నిటి మీదా ఒకే పోటు. ఆ రాత్రి చెయ్యి ఉడికినట్టు వాచి, తెల్లవారేసరికి చిక్కుడు గింజలంత బొబ్బలు ఆరేడు లేచాయి. వారం తరువాత పక్కులు రాలితే కింద పచ్చబొట్టు ఇంచుమించు అలాగే ఉంది, దాని చుట్టూ మాత్రం కాలిన రొట్టె రంగులో పెద్ద మచ్చ పడింది. అడగడానికి వెళితే “నాలుగైదు సార్లు చేయించుకుంటే అదే పోతుంది” అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. పోయిన డబ్బు కంటే, ఈ మచ్చను చూసి వైద్య పరీక్షలో ఏమంటారో అన్న భయమే నన్ను ఎక్కువగా పీడించింది.

ఏప్రిల్ 29, సోమవారం నాడు హనుమకొండలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఫీజు ఐదు వందలు. ఆమె ముందుగా పచ్చబొట్టును చూడలేదు. జుట్టు పక్కకు తీయించి చెవులు కుట్టిన చోట్లు తడిమి చూశారు, ఎడమ జబ్బ మీది బీసీజీ టీకా మచ్చ చూశారు, ఇంట్లో ఎవరికైనా దెబ్బ మానిన చోట కండ పెరిగిందా అని అడిగారు. నాకు మేనత్త కూతురి చెయ్యి గుర్తొచ్చి చెప్పాను. అది సున్నపు కాలుడు వల్ల కావచ్చునని, నా చెవుల దగ్గర అటువంటి గుణం కనిపించడం లేదని, అయినా తొందరపడవద్దని అన్నారు. తరువాత వెలుతురు కింద పచ్చబొట్టు చూసి, మచ్చ తగ్గేదాకా లేజరు ముట్టుకోనన్నారు. రాత్రి పూతకు ఒక మందు, పగలు సన్‌స్క్రీన్ రాసి, రెండు నెలలు ఆగి రమ్మన్నారు.

ఉన్న దారులన్నీ ఆమె ఆ రోజే వివరించారు. తోలును రాపిడితో అరగదీసే పద్ధతి ఒకటి ఉంది, దానితో మచ్చ తప్పదు. పైన ఇంకో బొమ్మ వేయించి కప్పేయడం కొందరికి సరిపోతుంది గాని నా చెయ్యే తప్పు చెయ్యి కాబట్టి అది నాకు పనికి రాదు. కోసి కుట్టేయడం చిన్నవాటికి ఒకే రోజులో తేలిపోయే దారి. నాది మొత్తంగా కోయాలంటే రెండున్నర అంగుళాల వెడల్పు, ముంజేతి తోలు అంత సాగదు. మిగిలింది లేజరు. లేజరులోనూ రంగును బట్టి కాంతి మారాలి. నలుపుకు 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి బాగా పని చేస్తుంది, మన చామనఛాయ తోలుకూ అదే భద్రం. ఎరుపుకు 532 కావాలి. అయితే ఆ కాంతిని మన చర్మపు రంగు కూడా పీల్చుకుంటుంది, అందుకే బలం తగ్గించి వాడాలి. ఆకుపచ్చకు ఈ రెండూ అంతగా పనికిరావు. 694, 755 నానోమీటర్ల లేజర్లు వేరుగా ఉంటాయి, అవి తన దగ్గర లేవని ఆమె దాచకుండా చెప్పారు. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఆ రెండు నెలలు నిండు చేతుల చొక్కాతో, ఎండ రాకముందే ఐదింటికి మైదానానికి వెళ్ళి సాధన చేశాను. మచ్చ పూర్తిగా పోలేదు గాని చాలా పలచబడింది. జులై 1న ‘అ’ కింది మూల మీద నాలుగైదు పోట్లు మాత్రం వేసి చూశారు. దానికి డబ్బు తీసుకోలేదు. మూడు వారాల్లో ఆ చోట నల్లమచ్చ రాలేదు. జులై 22న అసలు పని మొదలైంది.

ఒక్కో విడతకు రెండు వేల ఐదు వందలు. ఇంటి దగ్గరే బయలుదేరే ముందు మత్తు క్రీము మందంగా పూసి, పైన వంటింట్లో వాడే పలచని ప్లాస్టిక్ కవరు చుట్టుకుని బస్సెక్కమన్నారు. గంటకు తక్కువైతే అది పని చేయదు. మా ఊరి నుంచి హనుమకొండ చేరేసరికి సరిగ్గా ఆ గంట గడిచేది. మహాలక్ష్మి పథకం వల్ల ఆడవాళ్ళకు బస్సులో ఉచితం కాబట్టి ఏడాది పొడవునా తిరుగుళ్ళకు నాకు ఆధార్ కార్డు తప్ప ఖర్చు లేదు. ఈ ఒక్క విషయంలో నేను అదృష్టవంతురాలిని.

లేజరు పడే సమయం మూడు నాలుగు నిమిషాలకు మించదు. ఈసారి నా కళ్ళకూ లోహపు మూతల అద్దాలు పెట్టారు. ఏమీ కనిపించదు, టప్ టప్ మని చప్పుడు వినిపిస్తుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మత్తు ఉన్నా పోపులో పేలిన ఆవాలు వరసగా చేతి మీద పడుతున్నట్టే అనిపించింది. అద్దాలు తీశాక చూస్తే నల్ల అక్షరాల చోట ముగ్గుపిండితో రాసినట్టు తెల్లగా పొంగిన ‘అమ్మ’ ఉంది. అయిపోయిందనుకుని సంతోషపడ్డాను. అది తోలులో పుట్టిన ఆవిరి బుడగల తెలుపు మాత్రమేనని, కాసేపట్లో తగ్గి మళ్ళీ నలుపే కనిపిస్తుందని నర్సు చెప్పింది. ఇరవై నిమిషాల్లో అలాగే జరిగింది. ఈ సంగతి ముందే తెలియకపోతే మొదటి రోజు మనసు విరిగిపోతుంది.

రంగు ఆ రోజే పోదు. కాంతి పోటుకు రంగు రేణువులు ఇంకా చిన్నవిగా పగులుతాయి, వాటిని ఒంట్లోని కణాలు కొంచెం కొంచెంగా మోసుకుపోతాయి. ఆ పని వారాల తరబడి సాగుతుంది. విడతకూ విడతకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం పెట్టేది అందుకే. డబ్బున్నా తొందరగా చేయించుకునే వీలు లేదు. నేను ప్రతి ఆదివారం ఉదయం ఒకే కిటికీ పక్కన నిలబడి ఫోనుతో ఫొటో తీసి పెట్టుకున్నాను. రోజూ చూస్తే ఏ మార్పూ కనిపించదు, నెల కిందటి ఫొటో పక్కన పెడితేనే తెలుస్తుంది.

విడత తరువాత మూడు రోజులు మైదానం మానేయాలి. చెమట పడితే చుర్రుమని మండుతుంది. బొబ్బ లేస్తే పగలగొట్టకూడదు, యాంటీబయాటిక్ పూత రాసి పలుచని గుడ్డ కట్టాలి, పక్కు దానంతట అది రాలాలి. రెండో రోజు నుంచి పట్టే దురద నొప్పి కంటే కష్టం. నిద్రలో గోక్కోకుండా రాత్రిపూట చేతికి పాత సాక్సు తొడుక్కుని పడుకున్నాను.

రెండో విడత సెప్టెంబరు 9న జరిగింది. వినాయక చవితి పోయిన రెండో రోజు. పండుగకు పిన్ని వాళ్ళు వచ్చి చేతిని చూసి, ఇంకా ఉన్నదే అని అందరూ ఒకే మాట అన్నారు. నిజమే, అప్పటికి ‘అ’ సున్నాలు మాత్రం బూడిద రంగుకు దిగాయి. మూడో విడత నవంబరు 4న. ఆ రోజు అమ్మ నాతో వచ్చింది. మహిళా సంఘంలో ఇరవై వేలు అప్పు తీసుకుని తనే డబ్బు తెచ్చింది. గదిలోకి రానిచ్చి ఆమెకూ అద్దాలు ఇచ్చారు. పని ముగిసి అద్దాలు తీసినప్పుడు తన పేరు అలా తెల్లగా పొంగి ఉండడం చూసి, నా చేతి కింద తన చెయ్యి పెట్టి పట్టుకుని, బస్టాండు దాకా వదలలేదు. బస్సులో మాత్రం “మస్తు కాలుతుందా బిడ్డా” అని రెండు సార్లు అడిగింది. లేదన్నాను.

నాలుగో విడత డిసెంబరు 30న. రాతపరీక్ష 2025 ఫిబ్రవరిలో ఉండడంతో, చెయ్యి నొప్పితో రాయవలసిన పరిస్థితి రాకుండా ఐదోదాన్ని డాక్టరమ్మ తొమ్మిది వారాల ఎడంతో మార్చి 3న పెట్టారు. అప్పటికి ఎర్రపువ్వు పూర్తిగా పోయింది. ‘అ’ లేదు. ‘మ’ లేదు. దాని కింది ‘మ’ ఒత్తు మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది, ఎందుకంటే జాతరలో ఆ మనిషి అది సరిగ్గా పడలేదని సూదిని దాని మీద రెండోసారి తిప్పాడు. లోతుగా దిగిన రంగు ఐదో విడత దాకా పట్టుకునే ఉంది.

పువ్వు పోయింది, ఆకు పోలేదు. ఐదు విడతల తరువాత కూడా గోరింటాకు ఎండిన రంగులో కందిబద్ద కంటే కొంచెం పెద్దదిగా, దాదాపు ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున అది అలాగే మిగిలింది. హైదరాబాదులో పికో లేజరు అనే కొత్తరకం లేజరు ఉన్న చోటికి ఫోను చేస్తే విడతకు తొమ్మిది వేలన్నారు, నాలుగైదు సార్లు రావలసి ఉంటుందన్నారు. డబ్బు సంగతి అటుంచి, అంత వ్యవధి నాకు లేదు; ఎప్పుడు దేహదార్ఢ్య పరీక్షకు పిలుస్తారో తెలియదు. అప్పుడు డాక్టరమ్మే, ఇంత చిన్నదాన్ని కోసి తీసేయవచ్చునని, సన్నని గీత మిగులుతుందని చెప్పారు. ఈ మాట మొదట్లోనే అనుకుని ఉంటే ఆ ఆకును ఐదు సార్లు కాల్పించుకునే బాధ తప్పేదని నాకు అనిపించింది. రంగురంగుల పచ్చబొట్టు ఉన్నవారు మొదటి రోజే ఏ రంగుకు ఏ దారి అని విడివిడిగా అడగడం మంచిది.

2025 ఏప్రిల్ 17, గురువారం నాడు ఆకును కోసి తీశారు. మత్తు సూది దిగేటప్పుడు కళ్ళు చెమర్చాయి, ఆ తరువాత తోలు లాగుతున్నట్టు తెలియడమే గాని నొప్పి లేదు. ఇరవై ఐదు నిమిషాలు, లోపల రెండు కుట్లు, పైన నాలుగు. ఆరు వేలు తీసుకున్నారు, కుట్లు విప్పడంతో సహా. తీసిన ముక్కను చూపించమని అడిగాను. గాజుగుడ్డ మీద పడవ ఆకారంలో తోలు ముక్క, దాని నడుమ ఆ ఆకు. లేజరు పోట్లన్నిటి కంటే ఆ ముక్కను చూసినప్పుడే నాకు కడుపులో తిప్పింది. ఏప్రిల్ 29న, పన్నెండో రోజున, కుట్లు విప్పారు. ఆ తరువాత మూడు వారాలు బరువు ఎత్తవద్దని, చేతుల మీద భారం వేసే వ్యాయామాలు చేయవద్దని చెప్పారు. గీత సాగి వెడల్పు కాకుండా మూడు నెలలు సిలికాన్ పూత రాయమన్నారు.

మొత్తం ఖర్చు: పాడు చేసుకున్న మొదటి పన్నెండు వందలు, ఫీజు ఐదు వందలు, ఐదు విడతలకు పన్నెండు వేల ఐదు వందలు, కోతకు ఆరు వేలు, మత్తు క్రీము, పూతలు, సన్‌స్క్రీన్ అన్నీ కలిపి నాలుగు వేల దాకా. ఇరవై నాలుగు వేల రెండు వందలు. బ్యూటీ క్లినిక్ మెట్టు ఎక్కిన రోజు నుంచి కుట్లు విప్పిన రోజు వరకు ఒక సంవత్సరం పదిహేడు రోజులు పట్టింది. ప్రకటన వచ్చాక చూద్దాం, రాతపరీక్ష గట్టెక్కాక చూద్దాం అనుకునే చెల్లెళ్ళకు నేను చెప్పేది ఈ రోజుల లెక్కే.

దేహదార్ఢ్య పరీక్షలో ఆడపిల్లలకు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. నేను ఏడు నిమిషాల నలభై సెకన్లకు ముగించాను. తరువాత వైద్య పరీక్షకు హైదరాబాదు శివార్లలోని ఒక శిబిరానికి పిలిచారు. రసీదులు, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం, ఆదివారాల ఫొటోలు అన్నీ ఒక కవరులో పెట్టుకుని వెళ్ళాను. లేడీ డాక్టరు నా రెండు చేతులూ చాపించి, కుడి ముంజేతిని కిటికీ వెలుతురులోకి తిప్పి, బొటనవేలితో గీత మీద ఒకసారి నొక్కి, “ఇక్కడ ఏముండేది?” అని హిందీలో అడిగారు. పచ్చబొట్టు తీయించుకున్నానని చెప్పాను. నొప్పి ఉందా, వేళ్ళు ముడుచుకుంటున్నాయా అని అడిగి, పిడికిలి బిగించమని చూసి, కాగితం మీద ఏదో రాసి తరువాతి అమ్మాయిని పిలిచారు. కవరు ఎవరూ అడగలేదు. సాయంత్రం ఆ కాగితం చేతికి వచ్చాక చూస్తే ‘ఫిట్’ అని ఉంది.

ఇప్పుడు ఆ చోట రంగు లేదు. పరుగు తరువాత చెయ్యి ఎర్రబడినప్పుడు మాత్రం ఒక భాగం పాలిపోయి కనిపిస్తుంది. అది కొన్నాళ్ళకు చుట్టూ ఉన్న ఛాయలో కలిసిపోవచ్చునని డాక్టరమ్మ అన్నారు, పూర్తిగా కలుస్తుందని మాట ఇవ్వలేదు. వైద్య పరీక్ష నుంచి వచ్చిన రాత్రి నాయనమ్మ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బల్బు కిందికి జరిగి, చాలాసేపు చూసింది. తరువాత వేలితో ఆ పాలిపోయిన గీతల మీద, ‘అ’ దగ్గర మొదలుపెట్టి ఒత్తు దాకా, నెమ్మదిగా రాసింది. ఆమెకు చదువు రాదు. ఆ రెండు అక్షరాలూ నా చేతి మీద చూసే నేర్చుకుంది.